ఇరవై వేల నిక్కరు, అరలీటరు చెమట

కాశీబుగ్గ దగ్గర జాతీయ రహదారి పక్కన ఆదివారం తెల్లారగట్ల టీ తాగేవాళ్లకు ఒంటికి అతుక్కున్న బట్టలతో సైకిళ్ల మీద పోయేవాళ్లు ఇప్పుడు కొత్తేమీ కాదు. వాళ్లు ఆగితే బల్ల మీద కూర్చున్న పెద్దమనిషి ముందు సైకిలు ధర అడుగుతాడు. తర్వాత బట్ట ధర. నిక్కరు ఒక్కటే ఇరవై వేలని తెలిశాక వచ్చే ప్రశ్న ఒకటే: "దాన్లో ఏటుంది బాబూ? సెమట పట్టదేటి?"

సైకిలు తొక్కేవాళ్లలో కూడా ఈ తగువు తెగలేదు. విశాఖ డెకాథ్లాన్‌లో వెయ్యికో రెండు వేలకో దొరికే మెత్త నిక్కరు చాలంటాడు ఒకడు. లండన్ రాఫా, స్విట్జర్లాండ్ అస్సోస్ ఒకసారి తొడిగితే మరొకటి తొడగలేమంటాడు ఇంకొకడు. ఆ కంపెనీలు చేతులు మారాక నాణ్యత పోయిందని, కొంటున్నది పేరే తప్ప బట్ట కాదని మూడోవాడి వాదన. ధర, నాణ్యత, యజమాని అనే మూడు ముళ్లూ ఒకదానిలో ఒకటి చిక్కుకున్నాయి. నాణ్యతతో మొదలుపెడదాం. అందులోనూ చెమటతో. కాశీబుగ్గ చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతపు గాలిలో బట్టకు అసలైన పరీక్ష అదే.

కుండ చేసే పని

వేసవిలో కుండలో నీళ్లు చల్లగా ఎందుకుంటాయి? కుండ గోడలో కంటికి ఆనని సన్నని సందులుంటాయి. నీరు వాటిలోంచి తనంతట తానే బయటి గోడ మీదికి పాకుతుంది. ఎంత సన్నని సందైతే అంత బలంగా పాకుతుంది. బయటికి చేరిన పలుచని తడి గాలిలో ఆవిరైపోతుంది. ఆవిరి కావడానికి వేడి కావాలి కదా, ఆ వేడిని అది లోపలి నీళ్ల నుంచి లాక్కుపోతుంది. పాఠ్యపుస్తకాల్లో దీన్ని గుప్తోష్ణం అంటారు. మనం ఆవిరి ఖర్చు అందాం.

ఈ ఖర్చు ఎంతో చూడండి. లీటరు నీటిని 30 డిగ్రీల నుంచి మరిగే దాకా కాచడానికి 70 కిలోకేలరీలు చాలు. అదే లీటరు చెమట చర్మం మీంచి ఆవిరై పోవాలంటే దాదాపు 580 కిలోకేలరీలు కావాలి. ఎనిమిది రెట్లు ఎక్కువ. మనిషి ఒళ్లు ఈ ఎనిమిది రెట్ల మీదే ఆధారపడి ఎండలో బతుకుతోంది.

సైకిలు తొక్కేటప్పుడు ఒళ్లు ఖర్చుపెట్టే శక్తిలో నాలుగో వంతో ఐదో వంతో చక్రానికి చేరుతుంది. మిగతాదంతా వేడే. చదును రోడ్డు మీద ఇరవై పైచిలుకు వేగంతో పోతూ పెడలు మీద 100 వాట్లు పెడుతున్నామంటే, ఒంట్లో 300 నుంచి 400 వాట్ల వేడి పుడుతోందన్నమాట. ఊరికే కూర్చున్నప్పుడు పుట్టే వేడి 100 వాట్లు. పెడలు తొక్కితే పుట్టే వేడంతటినీ ఆవిరి రూపంలో వదిలించుకోవాలంటే గంటకు సుమారు అరలీటరు చెమట ఆరాలి. కారిపోతే కుదరదు, ఆరాలి. ముక్కు కొస నుంచి రోడ్డు మీద పడ్డ చుక్క మన ఒంట్లోంచి ఆవిరి ఖర్చు పట్టుకుపోలేదు. ఆ నీరు, దానితోపాటు ఉప్పు, రెండూ దండగే. లీటరు చెమటలో ఒక గ్రాము అటూ ఇటూ సోడియం పోతుంది. నౌపడ ఉప్పు మడుల పక్క నుంచి సైకిలు మీద పోతున్నప్పుడు జెర్సీ వీపు మీద తెల్లగా అట్టకట్టేది కూడా ఆ మడుల్లో పండే ఉప్పే.

గాలికి దాహం ఉండాలి

కుండ వానాకాలంలో నీళ్లను చల్లబరచదు. ఎందుకంటే గాలి అప్పటికే తడిసి ఉంటుంది, మరికొంత ఆవిరిని పుచ్చుకోదు. ఉద్దానం చిక్కు ఇక్కడే ఉంది.

అనంతపురంలో ఒక మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండ, గాలిలో తేమ 15 శాతం అనుకుందాం. అదే వేళ భావనపాడు ఒడ్డున 34 డిగ్రీలు, తేమ 70 శాతం. ఎవరికి ఎక్కువ కష్టం? థర్మామీటరు చూసినవాళ్లు అనంతపురం అంటారు. థర్మామీటరు బుడ్డికి తడిగుడ్డ చుట్టి, గాలి తగలనిచ్చి మళ్లీ చూడండి. అనంతపురంలో అది 22 దాకా దిగుతుంది. భావనపాడులో 29 దగ్గరే ఆగిపోతుంది. ఈ తడిగుడ్డ ఉష్ణోగ్రతే చెమట పట్టిన ఒంటి గతి చెప్పేది. చర్మం వేడి 35 డిగ్రీల చుట్టూ ఉంటుంది కాబట్టి తడిగుడ్డ ఉష్ణోగ్రత 35కు చేరితే ఆవిరి దారి పూర్తిగా మూసుకుపోతుందని 2010లో ఇద్దరు శాస్త్రవేత్తలు లెక్కకట్టారు. ఆ తర్వాత పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో మనుషుల మీద పరీక్షలు చేశారు. ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్లకే, తేలికపాటి పనిలోనే, తేమగాలిలో 31 దగ్గరే ఒంటి వేడి అదుపు తప్పడం మొదలైంది. 2022లో వచ్చిన ఆ ఫలితం పక్కన మన 29ని పెట్టి చూస్తే ఉక్కపోత అన్నది ఒట్టి చిరాకు కాదని తెలుస్తుంది.

సైకిలు మీద ఉన్నవాడికి ఒక వెసులుబాటుంది. గంటకు ఇరవై కిలోమీటర్ల వేగమంటే సెకనుకు ఐదున్నర మీటర్ల గాలిని తనకు తానే విసురుకుంటున్నాడు. చర్మం పక్కన పేరుకున్న తడిగాలిని అది ఎప్పటికప్పుడు తుడిచేస్తుంది. అందుకే దారిపొడుగునా హాయిగా వచ్చినవాడు టీకొట్టు దగ్గర దిగగానే ధారగా కారిపోతాడు. చెమట పట్టడం పెరిగి కాదు, అది ఆరడం తగ్గి. ఖరీదైన జెర్సీల ప్రకటనలన్నీ ఈ గాలిని అరువు తెచ్చుకునే మాట్లాడతాయి. వజ్రపుకొత్తూరు వైపు జీడితోటలో చెట్టు కింద వంగి పిక్కలు ఏరే మనిషికి ఆ గాలి లేదు. ఆ మనిషికి రెండొందల టీషర్టూ ఇరవై వేల జెర్సీ దాదాపు ఒకటే. తల మీద తడిపి వేసుకున్న తువ్వాలు రెండింటికన్నా నయం.

ఈ లెక్క ఉద్దానంలో సరదా లెక్క కాదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస పల్లెల్లో 1990ల నుంచి కిడ్నీ జబ్బు మనుషుల్ని తినేస్తోంది. మధుమేహం, రక్తపోటు లేని రైతుకూలీలకు కూడా వస్తోంది. కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. నీరు, లోహాలు, మందులు, ఇలా అనుమానాల జాబితా పొడుగ్గానే ఉంది. ఎండలో ఏళ్ల తరబడి ఒంట్లో నీరు తగ్గుతూ ఉండడం కూడా ఆ జాబితాలో ఉంది. మధ్య అమెరికా చెరకు తోటల్లో కనిపించిన ఇలాంటి జబ్బే ఆ అనుమానానికి బలం. నికరాగ్వాలో ఒక చక్కెర మిల్లు తన కోతకూలీలకు నీళ్లు, నీడ, విరామాలు పెంచింది. కిడ్నీ దెబ్బతినే కేసులు తగ్గాయి. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి, వాటితోపాటు ఉద్దానానికి మంచినీటి పథకం మొదలయ్యాయి. చెమట బాగా ఆర్చే బట్ట ఒంట్లోంచి పోయే నీటిని తిరిగి ఇవ్వదు. గంటకు అరలీటరు ఆరిందంటే అంత తాగాల్సిందే. చల్లగా ఉందని దాహం తెలియకపోవడం సైకిలువాళ్లు తరచూ పడే ఉచ్చు.

పత్తి తాగుతుంది, పాలిస్టరు దాటిస్తుంది

ఇప్పుడు బట్టను చూద్దాం. మంచి జెర్సీ కుండ గోడలాగే పనిచేయాలి. లోపలి తడిని సన్నని సందుల్లోంచి బయటికి లాగి, పలుచగా పరిచి, గాలికి అప్పగించాలి. ప్లాస్టిక్ వానకోటు ఈ పని చేయదు, పింగాణీ జాడీ చేయనట్టే.

పత్తి పోగు తానే నీరు తాగుతుంది. మామూలు గాలిలో ఉన్నప్పుడే తన బరువులో సుమారు 8 శాతం తేమ దాచుకుని ఉంటుంది. పాలిస్టరు దాచుకునేది 0.4 శాతం. అంటే పాలిస్టరు పోగు లోపలికి నీరు పోదు, పోగుకూ పోగుకూ మధ్య సందుల్లోంచే పాకుతుంది. 1941లో ఇంగ్లండులో పుట్టిన ఈ పెట్రోలియం దారానికి గాడులు పెట్టి, ఆ పాకడాన్ని పెంచేలా డ్యూపాంట్ కంపెనీ 1986లో కూల్‌మ్యాక్స్ పేరుతో అమ్మింది. ఇవాళ తిరునాళ్లలో మూడొందలకు దొరికే క్రికెట్ జెర్సీలోనూ, లండన్ జెర్సీలోనూ ఉన్న మూలపదార్థం ఈ పాలిస్టరే. పోగు సన్నదనం, అల్లిక, పరచిన తీరు మాత్రం వేరు.

తడిసిన నూలు చొక్కా బరువెక్కుతుంది, వీపుకు అతుక్కుంటుంది, సందులన్నీ నీటితో నిండి గాలి ఆడదు, ఆరడానికి గంటలు పడుతుంది. పాలిస్టరు త్వరగా ఆరుతుంది. ఇంతవరకు ప్రకటనలు చెప్పేది నిజమే. అవి చెప్పనిది ఇంకొకటుంది. 30 డిగ్రీల వేడిలో వ్యాయామం చేయించి, నూలు బట్టనూ కృత్రిమ బట్టనూ పోల్చిన అమెరికా ప్రయోగం ఒకటి 2001లో అచ్చయింది. ఒంటి లోపలి వేడిలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. హాయిగా అనిపించడం వేరు, ఒళ్లు చల్లబడడం వేరు. మొదటిది మారొచ్చు, రెండోది పెద్దగా మారదు. నాకు మొదటిదానికి డబ్బు పెట్టడంలో తప్పేమీ కనబడదు. రెండోదాని పేరు చెప్పి అమ్మడమే నచ్చదు.

పాలిస్టరుకు ఒక శిక్ష కూడా ఉంది. 2014లో బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయం వాళ్లు వ్యాయామం చేసినవాళ్ల చొక్కాలు పోగుచేసి వాసన చూశారు. పాలిస్టరువే ఎక్కువ కంపు కొట్టాయి. మైక్రోకాకస్ అనే సూక్ష్మజీవులు పాలిస్టరు మీద బాగా పెరిగాయి. కంపు పోవాలని ఫ్యాబ్రిక్ కండిషనర్ పోస్తే అసలుకే మోసం. పాత కుండ సందులు పూడుకుపోయి నీళ్లు చల్లబడనట్టు, దాని జిడ్డు పొర పోగుల సందులను మూసేస్తుంది. పదివేల జెర్సీ రెండొందల చొక్కా అయిపోతుంది.

డబ్బంతా ఎక్కడికి పోతుంది

జెర్సీ సంగతి పక్కన పెడితే, ధర నిజంగా పనిచేసే చోటు నిక్కరు. మనిషి బరువులో చాలాభాగం రెండు కూర్చునే ఎముకల మీద, అరచేయంత మేర ఆగుతుంది. గంటకు నాలుగైదు వేల సార్లు పెడలు తిరుగుతుంది, ప్రతిసారీ తొడ లోపలి చర్మం బట్టకు రాసుకుంటుంది. పైగా తడి. పాతరోజుల్లో ఊలు నిక్కరులో మేకతోలు లాంటి మెత్తని తోలు కుట్టేవాళ్లు. అది ఎండితే అట్టలా బిగుసుకుపోయేది. ఇప్పుడది నురగ మెత్త. చవక నిక్కరులో మెత్త ఒకే మందంతో స్పాంజిలా ఉంటుంది, రెండు గంటల్లో అణగారిపోతుంది. మంచిదానిలో ఎముకల కింద గట్టిగా, అంచుల్లో పలుచగా, రకరకాల సాంద్రతల పొరలుంటాయి. టెక్కలి నుంచి భావనపాడు వెళ్లి రావడానికి ఇది అవసరం లేదు. పలాస నుంచి విశాఖకు ఒకే రోజులో పోవాలంటే అవసరమే.

రెండో విషయం సాగుడు. 1958లో డ్యూపాంట్‌లో జోసెఫ్ షివర్స్ తయారుచేసిన లైక్రా 1970ల చివర్లో సైకిలు నిక్కరుల్లోకి వచ్చింది. బట్ట చర్మంతోపాటు కదిలితే రాపిడి తగ్గుతుంది. ఎండ, బ్లీచింగ్ నీళ్లు ఆ సాగుడును చంపుతాయి. కుట్లు లోపల గీరుకోకుండా చదునుగా వేయడానికి వేరే మిషన్లు, వేరే చేతివాటం కావాలి. వీటన్నిటికీ ఖర్చవుతుంది.

మూడొందల నుంచి పదిహేను వందలకు ఎక్కితే తేడా అందరికీ తెలుస్తుంది. అక్కడి నుంచి ఐదారు వేలకు ఎక్కితే దూరాలు పోయేవాళ్లకు తెలుస్తుంది. ఇరవై వేల మెట్టు మీద శాస్త్రం చెప్పగలిగింది తక్కువే. అక్కడ ఉన్నది కొలతలు, ముగింపు పని, దిగుమతి సుంకం, ప్రపంచస్థాయి జట్లకు ఇచ్చే స్పాన్సరు డబ్బు, ఇంకా పేరు. రాఫా 2013 నుంచి 2016 దాకా ఇంగ్లండు టీమ్ స్కైకి బట్టలిచ్చింది. ఆ జట్టు ఫ్రాన్స్ పందెం గెలిచినప్పుడల్లా దాని ఖర్చులో పిసరంత మీ నిక్కరు బిల్లులోకి వచ్చి కూర్చుంది.

మన జిల్లాలోనే ఒక ఖరీదైన బట్ట

పేరుకు ధర ఉంటుందా అని శ్రీకాకుళం జిల్లావాళ్లు ఆశ్చర్యపోనక్కర్లేదు. పొందూరు ఖద్దరు కొట్టులో పంచె ధర విని వెనక్కి తగ్గినవాళ్లు జిల్లాలో ప్రతి ఊళ్లోనూ ఉంటారు. అక్కడ మాత్రం ధర ఎటు పోతుందో కళ్లారా చూడొచ్చు. కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ ఎముకకున్న సన్నని పళ్లంత బాగా మరే దువ్వెనా చెత్త తీయదు. గింజ తీసి, విల్లుతో ఏకి, ఏకును దుమ్ము పడకుండా ఎండిన అరటి బోదె పొరలో చుట్టి, ఒంటి కదురు రాట్నం మీద ఆడవాళ్లు వడుకుతారు. నూరో నంబరు నూలంటే కిలో నూలు పొడుగు దాదాపు 169 కిలోమీటర్లు. ఆ పొడుగంతా ఒక మనిషి వేళ్ల మధ్య నుంచే సాగింది.

చెమట లెక్కలో ఇది ఎక్కడ నిలుస్తుంది? పత్తి పత్తే, తాగే గుణం పోదు. కానీ నూలు ఇంత సన్నగా ఉంటే బట్ట బరువు తక్కువ, పట్టే నీరూ తక్కువ, పోగుల మధ్య గాలి ఆడుతుంది. ఉక్కలో వదులుగా కట్టుకుని నడిచేవాడికి, అరుగు మీద కూర్చునేవాడికి దీన్ని మించింది లేదని నా అభిప్రాయం. సైకిలు సీటు మీద మాత్రం పనికిరాదు. పంచె అంచు చైనులో పడితే ఏమవుతుందో ఉద్దానంలో ఎవరినడిగినా చెబుతారు.

పొందూరు పేరు వెనక ఉన్నది షేర్లు కొనేసే కంపెనీ కాదు, ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం. మిల్లు నూలుకు ఖద్దరు చీటీ అంటించి అమ్మేవాళ్ల బెడద ఉంది కాబట్టి, 2013 నుంచి ఖాదీ మార్కు నిబంధనలున్నాయి. ఇక్కడి తగువు యజమాని మారాడా అని కాదు, నిజంగా చేత్తో వడికిందా అని. వడికే చేతికి ఆ ధరలో ఎంత చేరుతోందన్న ప్రశ్న ఇంకా పెద్దది. దాన్ని లండన్ నిక్కరు విషయంలో మనం అడగను కూడా అడగం.

పేరు ఎవరిది

2004లో లండన్‌లో సైమన్ మాట్రమ్ మొదలుపెట్టిన రాఫాను 2017లో ఆర్‌జెడ్‌సీ ఇన్వెస్ట్‌మెంట్స్ అనే సంస్థ కొంది. ధర దాదాపు 20 కోట్ల పౌండ్లు. ఆ సంస్థ స్టూవర్ట్, టామ్ వాల్టన్ అనే అన్నదమ్ములది. వాల్‌మార్ట్ పెట్టిన శామ్ వాల్టన్‌కు మనవలు. మరుసటి ఏడాదే వాల్‌మార్ట్ 1,600 కోట్ల డాలర్లు పెట్టి ఫ్లిప్‌కార్ట్‌లో 77 శాతం వాటా తీసుకుంది. పలాసలో ఫోనులో మూడొందల టీషర్టు ఆర్డరిచ్చిన కుర్రాడూ, లండన్‌లో రెండొందల పౌండ్ల నిక్కరు కొన్న డాక్టరూ ఒకే కుటుంబపు గల్లాపెట్టె వైపు తిరిగారు. రాఫా మాత్రం ఆ తర్వాత ఏళ్ల తరబడి నష్టాలే చూపించింది. ఇరవై వేల నిక్కరు అమ్మేవాడికి ఇరవై వేల లాభం ఉంటుందన్న ఊహ అక్కడే కూలిపోతుంది.

చవక పక్షం కూడా చిన్న కొట్టేమీ కాదు. డెకాథ్లాన్ 1976లో ఫ్రాన్స్‌లోని లీల్ నగరం దగ్గర పుట్టింది, ముల్యే అనే మహా సంపన్న కుటుంబం చేతిలో ఉంది. అస్సోస్ పుట్టిందీ ఆ సంవత్సరమే. యజమాని మారితే నాణ్యత పడిపోతుందా? పడిపోవచ్చు. మెత్తను ఒక పొర తగ్గిస్తే, కుట్టు మిషన్ మారిస్తే పడిపోతుంది. యజమాని పేరు చూసి అది తెలియదు, నిక్కరు తిరగేసి చూస్తే తెలుస్తుంది. అసలు యజమాని గురించి అంత పట్టింపు ఉన్నవాళ్లు లైక్రా సంగతి కూడా అడగాలి. డ్యూపాంట్ దాన్ని 2004లో కోక్ ఇండస్ట్రీస్‌కు అమ్మింది. 2019లో అది చైనాలోని షాన్‌డాంగ్ రుయీకి వెళ్లింది. ఆ కంపెనీ అప్పు తీర్చలేకపోవడంతో 2022లో లైక్రా అప్పులిచ్చినవాళ్ల చేతికి పోయింది. ఏ బ్రాండు నిక్కరైనా, చవకదైనా ఖరీదైనదైనా, సాగే పోగు ఈ చేతుల్లోంచే వచ్చి ఉండొచ్చు. కూల్‌మ్యాక్స్ కూడా ఆ మూటలోదే.

కొనబోయే ముందు కొట్టులోనే చేయదగిన పరీక్ష ఒకటుంది. జెర్సీ లోపలి వైపు వేలితో ఒక నీటిచుక్క పెట్టండి. ముత్యంలా నిలబడిపోతే ఆ బట్ట చెమటను లాగదు. రెండు మూడు సెకన్లలో పాకి వెడల్పాటి మచ్చయితే లాగుతుంది. బయటి వైపు మచ్చ లోపలికన్నా పెద్దగా కనబడితే ఇంకా మంచిది. తర్వాత వెలుతురుకు ఎత్తి చూడండి, సందులు కనబడాలి. నిక్కరు మెత్తను బొటనవేలితో గట్టిగా నొక్కి వదలండి, వెంటనే లేవాలి. ఒక్క రాత్రిలో ఫ్యాను కింద ఆరుతుందా అని అడగడం మర్చిపోకండి. వానాకాలంలో తడి మెత్తతో కూర్చుంటే పుండ్లు పడేది చవక నిక్కరులోనే కాదు. బిల్లు చూసేటప్పుడు ఇంకొకటి గుర్తుంచుకోండి: 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయల లోపు బట్టలకు జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం.